“ఆడుకునేదానికి మీకాడికి పంపల్లా?” అనే తల్లికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర ఒక పల్లె. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా సెంటర్‌కు 3 నుంచి 5 ఏళ్లు దాటిన పిల్లల వరకు 18 మంది వస్తారు. అందరూ ఒకే గదిలో కూర్చుంటారు. ఆటలతోనే నేర్పించాలని ట్రైనింగ్‌లో చెప్పారు, నాకూ నచ్చింది. తల్లులే ఒప్పుకోవడం లేదు. “ఆడుకునేదానికి మీకాడికి పంపల్లా? ఇంటికాడ ఆడుకోరా ఏమి? నాలుగు అక్షరాలు రాపియ్యండి” అంటారు. కాన్వెంట్ బస్సు మా ఊరిదాకా వస్తోంది. ఎల్‌కేజీ పిల్లోడు ఏబీసీడీలు రాసిన నోటుపుస్తకం తెచ్చి నాకు చూపిస్తారు. ఇద్దరు ముగ్గురు ఇప్పటికే మాన్పించారు. సెంటర్‌లో ఆటసామాన్లు చాలావరకు విరిగిపోయాయి. దీనికి తోడు సుగాలి తండా నుంచి వచ్చే ఒక పిల్లాడు రెండు నెలలైనా నోరు తెరవలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. రోజూ ఏం ఆడించాలి? తల్లులకు ఏమని చెప్పాలి?

సమాధానం: చెల్లెమ్మా, ముందు ఆ తల్లుల మీద కోపం పెట్టుకోకండి. ఎండలో బుడ్డలు (వేరుశనగ) పెరికి, కూలి డబ్బుల్లోంచి కాన్వెంట్ ఫీజు కట్టడానికి సిద్ధపడుతున్నారంటే పిల్లల చదువు మీద వాళ్లకు ఎంత ఆశ ఉందో చూడండి. వాళ్ల కంటికి చదువులా కనిపించేది నోటుపుస్తకంలోని అక్షరం ఒక్కటే. మీ గదిలో జరిగే చదువు వాళ్లకు కనిపించడం లేదు. కాబట్టి మీకు రెండు పనులున్నాయి. ఏ ఆట ఎందుకు ఆడిస్తున్నారో మీకు స్పష్టంగా తెలియాలి. దాని ఫలితం తల్లి కళ్ల ముందు పెట్టాలి. మొదటిది కుదిరితే రెండోది అంత కష్టం కాదు.

రాతతోనే మొదలుపెడతాను, గొడవంతా దాని దగ్గరే కదా. మనిషి మణికట్టులో 8 చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఆ తర్వాత ఒక్కొక్కటిగా గట్టిపడుతూ వస్తాయి, అన్నీ పూర్తయ్యేసరికి పిల్లలు హైస్కూలు వయసుకు దగ్గరవుతారు. మూడు నాలుగేళ్ల వయసులో వాటిలో చాలా ఇంకా మెత్తగానే ఉంటాయి. వేళ్లలో పట్టు కూడా అప్పుడప్పుడే వస్తుంటుంది. అందుకే ఆ వయసు పిల్లాడు బలపాన్ని పిడికిలితో పట్టుకుని, భుజం మొత్తం కదిలిస్తూ రాస్తాడు. అలాంటి చేత్తో రోజూ ఒక పేజీ రాయిస్తే చెయ్యి నొప్పి పెడుతుంది, పట్టు తప్పుగా అలవాటవుతుంది, రాత అంటేనే భయం పట్టుకుంటుంది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి. నాలుగేళ్లకే “వీడికి చదువు రాదు” అని పేరు పడుతుంది, పిల్లాడు దాన్ని నమ్ముతాడు.

రాయడానికి ముందు చెయ్యి తయారు కావాలి. దానికి కొనాల్సిందేమీ లేదు. మీ ప్రాంతంలో నల్లరేగడికి కొదవ లేదు. రాళ్లు, గాజుపెంకులు లేకుండా జల్లించి తడిపి ముద్ద చేసి ఇవ్వండి. దాన్ని పిసకడం, పాముల్లా పొడుగ్గా చేయడం, ఉండలు చుట్టడం, రెండు వేళ్లతో గిల్లి రొట్టె అంచులు నొక్కడం, ఇవన్నీ వేళ్లకు కసరత్తే. బడి ఆయమ్మ వంట చేస్తుంటే కరివేపాకు దూయడం, కొత్తిమీర తుంచడం పిల్లలకు అప్పగించండి. పాత పేపర్లను సన్నటి పీలికలుగా చింపమనండి. ఒక గిన్నెలో నీళ్లు, పక్కన ఖాళీ గిన్నె పెట్టి, స్పాంజి ముక్కతో ముంచి పిండుతూ ఇందులోంచి అందులోకి మార్చమంటే గంటసేపైనా విసుగు లేకుండా చేస్తారు. పెద్దపిల్లలు బంతిపూలు దారానికి గుచ్చుతారు, సూది బదులు మొన గట్టిగా ఉన్న బూట్ల లేసు ఇస్తే చాలు. బుడ్డలు ఒలవడం బొటనవేలికి, చూపుడువేలికి చాలా మంచి పని. ఐదేళ్లు నిండినవాళ్ల చేతే, మీ కళ్లెదుటే చేయించండి. గింజ గిన్నెలోకే పోవాలి. చిన్నపిల్లలు గుండు గింజ నోట్లో వేసుకుంటే గాలిగొట్టంలోకి పోయే ప్రమాదం ఉంది.

తర్వాత గీత. మీ సెంటర్‌లో నాపరాయి బండలు పరిచి ఉంటే అంతకన్నా మంచి పలక లేదు. సుద్దముక్క ఇచ్చి నేల మీద వంగి పెద్ద పెద్ద సున్నాలు, అలలు, మెలికలు గీయమనండి. చెయ్యి మొత్తం కదిలే గీత ముందు రావాలి, వేళ్లతో గీసే చిన్న గీత తర్వాత వస్తుంది. ఎండ పడే గోడ మీద బ్రష్‌తో, ఉత్త నీళ్లతో రాయనివ్వండి. అది ఆరిపోతుంది, మళ్లీ రాస్తారు. తప్పు రాశామన్న భయమే ఉండదు. ఐదేళ్ల పిల్లలకు చిన్న చుక్కల ముగ్గు పెట్టి చుక్కలు కలపమనండి, చుక్కల చుట్టూ తిప్పమనండి. మన తెలుగు అక్షరాలు ఎక్కువగా గుండ్రటి మలుపులే. ముగ్గు మెలిక తిప్పగలిగిన చెయ్యి ‘అ’ను సులువుగా తిప్పుతుంది. ఈ మాట తల్లులకు చెబితే ఇట్టే అర్థమవుతుంది, ఎందుకంటే వాళ్లు రోజూ వాకిట్లో చేసే పని అదే.

ఇక లెక్కలు. తల్లులు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. ఒకటి నుంచి వంద దాకా గడగడా చెప్పే పిల్లాడిని “నాకు నాలుగు చింతగింజలు ఇవ్వు నాయనా” అని అడగండి. చాలామంది గుప్పెడు తీసి ఇస్తారు. వాళ్లకు వచ్చింది పాట, లెక్క ఇంకా రాలేదు. అసలు లెక్కలో రెండు మెట్లున్నాయి. ఒక్కో వస్తువును ముట్టుకుంటూ ఒక్కో అంకె మాత్రమే చెప్పడం మొదటిది. చివర చెప్పిన అంకే మొత్తం అని తెలియడం రెండోది. “ఒకటి, రెండు, మూడు, నాలుగు” అని లెక్కపెట్టాక “అయితే మొత్తం ఎన్ని?” అని అడగండి. తడుముకోకుండా నాలుగు అంటే వచ్చినట్టు. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెడితే ఇంకా రాలేదన్నమాట. తిట్టాల్సిన పని లేదు, ఇంకొన్ని ఆటలు కావాలంతే.

ఆ ఆటలకు మీ మధ్యాహ్న భోజనమే పెద్ద వనరు. ఈరోజు ఎంతమంది వచ్చారో ఒక పిల్లాడి చేత తలలు ముట్టిస్తూ లెక్కపెట్టించండి. ఒక్కొక్కరికి ఒక పళ్లెం, ఒక గ్లాసు, ఒక గుడ్డు పెట్టించండి. చివరికి ఒక పళ్లెం మిగిలితే ఎందుకు మిగిలిందని అడగండి. “సుజాత రాలేదు కదా టీచర్” అన్నాడంటే ఆ పిల్లాడు తీసివేత మొదలుపెట్టేశాడు. మూడేళ్ల వాళ్లకు 5 లోపు చాలు, ఐదేళ్ల వాళ్లకు 10 దాకా బాగా పట్టుబడితే చాలు. తొందరపడి 50, 100 అని సాగదీయకండి.

చింతగింజలను ఒకవైపు బండకేసి అరగదీసి తెల్లగా చేసి మన పెద్దవాళ్లు అష్టాచెమ్మా ఆడేవాళ్లు గదా. అవే గింజలు నాలుగు వేసి, ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు గెంతమనండి. ఒకే ఆటలో లెక్క, కాలి పట్టు, తన వంతు కోసం ఆగడం అన్నీ ఉన్నాయి. వామనగుంటలు పూర్తిగా 14 గుంటలతో ఆడితే ఈ వయసుకు ఎక్కువ. నేల మీద ఆరు గుంటలు గీసి, ఒక్కోదాంట్లో ఒక్కో గింజ వదులుతూ పోవడం మటుకు ఆడించండి. ఇంకో చిన్న ఆట ఉంది. ఐదు గింజలు చూపించి, కొన్ని గుప్పిట్లో దాచి, మిగిలినవి చూసి లోపల ఎన్ని ఉన్నాయో చెప్పమనడం. పెద్దపిల్లలు దీనికి పడి చస్తారు. వరుసగా పెట్టిన ఆరు గింజలను కొంచెం దూరం దూరంగా జరిపితే “ఇప్పుడు ఎక్కువయ్యాయి” అంటారు నాలుగేళ్ల పిల్లలు. అది ఆ వయసు ఆలోచన, మందబుద్ధి కాదు. కొన్నేళ్లలో దానంతటదే సర్దుకుంటుంది.

గింజల గురించి ఒక హెచ్చరిక, దీన్ని దయచేసి తేలిగ్గా తీసుకోకండి. ఎర్రగా, నల్లచుక్కతో ముద్దుగా ఉంటాయని గురివింద గింజలు ఎవరైనా తెస్తే సెంటర్‌లోకి రానివ్వకండి. ఆముదం గింజలూ అంతే. ఈ రెండూ నమిలితే ప్రాణానికే ప్రమాదం. చింతగింజలైనా మూడేళ్ల వాళ్ల దగ్గర వదిలేసి వెళ్లకండి, ముక్కులో, చెవిలో పెట్టుకుంటారు. ఆట అయిపోయాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి. ఆ లెక్కపెట్టడం కూడా పాఠమే.

భాష విషయంలో రోజుకు ఒక కథ తప్పనిసరి అనుకోండి. రోజుకో కొత్త కథ అక్కర్లేదు. ఒకే కథను వారమంతా చెప్పండి. మూడో రోజుకు పిల్లలే మీకన్నా ముందు చెబుతారు. మధ్యలో ఆపి “అప్పుడు ఏమైంది?”, “నువ్వయితే ఏం చేసేదానివి?” అని అడగండి. పాత పంచె ఒకటి అడ్డం కట్టి, వెనక టార్చిలైటు పెట్టి, అట్టముక్కలను నక్కగా, కోతిగా కత్తిరించి చీపురుపుల్లకు అతికిస్తే తోలుబొమ్మలాట మీ గదిలోనే జరుగుతుంది. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మల కళాకారుల ఊరని మీకు తెలిసే ఉంటుంది. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మన పక్కనున్న కళే, పిల్లలకు చూపించకపోతే ఎలా?

అక్షరాలకు దారి తీసే ఆట చప్పట్లతో మొదలవుతుంది. ప్రతి పిల్లాడి పేరూ విడదీసి చప్పట్లు కొట్టించండి. ‘ర-మే-శ్’, ‘ల-క్ష్మి’ అని కొడుతుంటే మాట ముక్కలుగా విడిపోతుందని చెవికి తెలుస్తుంది. తర్వాత “క-తో మొదలయ్యేది ఏముంది గదిలో?” అని వెతికించండి. కిటికీ అంటాడొకడు, కుర్చీ అంటుందొకతె, రెండూ తీసుకోండి. ఒక్కొక్కరి పేరు పెద్ద అక్షరాలతో ఒక అట్ట మీద రాసి పెట్టండి. పొద్దున రాగానే తన పేరు అట్ట వెతికి గోడకు తగిలిస్తే అదే హాజరు. నాలుగు వారాల్లో తన పేరే కాదు, పక్కవాడి పేరూ గుర్తుపడతారు. అక్షరాలు నేర్పొద్దని నేను ఎక్కడా అనడం లేదు. పిల్లాడికి సొంతమైన మాట నుంచి అక్షరం రావాలంటున్నాను.

మీ తండా పిల్లాడి గురించి చదివి మీ మనసు అర్థమైంది. ఇంట్లో ఒక భాష, బడిలో మరో భాష ఉన్న పిల్లలు మొదట కొన్ని నెలలు మౌనంగా ఉండటం మామూలే. ఆ మౌనంలో వింటూనే ఉంటారు. “మాట్లాడు, మాట్లాడు” అని అందరి ముందూ నిలబెట్టకండి. వాళ్ల అమ్మనో, అవ్వనో అడిగి నీళ్లు, పాలు, రా, కూర్చో, ఒంటికి, నొప్పి లాంటి పది మాటలు వాళ్ల భాషలో మీరు నేర్చుకోండి. మీ నోట తన మాట వినగానే ఆ పిల్లాడికి మీ మీద కలిగే నమ్మకం ఏ బొమ్మ వల్లా రాదు. పళ్లాలు పంచడం, తాడు పట్టుకోవడం, బొమ్మ ఆడించడం లాంటి మాటలు అక్కర్లేని పనులు ముందు ఇవ్వండి. ఆదోని వైపు ఉర్దూ, కన్నడ పిల్లలతో పనిచేసే టీచర్లకూ ఇదే చెబుతాను. ఒకటి మాత్రం కనుక్కోండి. ఇంట్లో బాగా మాట్లాడతాడా? వెనకనుంచి పిలిస్తే తిరుగుతాడా? ఈ రెంటిలో ఏది లేకపోయినా ఆగొద్దు. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ఆర్‌బీఎస్‌కే వైద్య బృందం సెంటర్‌కు వచ్చేదాకా వేచి ఉండకుండా ఊరి నర్సు ఏఎన్‌ఎంకు చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వినికిడి గురించి అడిగించండి.

ఊహతో ఆడే ఆటలకు రోజూ కొంచెం సమయం వదలండి. సంత పెట్టించండి. మట్టితో చేసిన టమోటాలు, చీనీకాయలు, కాగితం నోట్లు ఉంటే చాలు. బేరం ఆడతారు, తూకం వేస్తారు, “మీది చాలా రేటు అక్కా” అని పోట్లాడతారు. కుర్చీలు వరుసగా వేసి గుంతకల్లు బస్సు నడిపించండి. కండక్టర్‌గా ఉన్నవాడు డ్రైవర్ సీట్లో కూర్చోవాలని ఎంత కోరిక ఉన్నా, తన వేషం కాబట్టి టికెట్లు కొట్టాలి. తనను తాను ఆపుకోవడం ఈ వయసులో ఇలాంటి ఆటల్లోనే బాగా వస్తుంది. ఒకటో తరగతిలో కుదురుగా కూర్చోవడానికి అదే పనికొస్తుంది. మీరు మధ్యలో దూరి పాఠం చేయకండి, పక్కన కూర్చుని చూడండి. ఏ పిల్లకు ఏం తెలుసో అప్పుడే బయటపడుతుంది. ఫోన్‌లో వివరాలు ఎక్కించే పని తప్పనప్పుడు, ఆయమ్మను పిల్లల దగ్గర ఉంచి ఈ ఆటను ఆ సమయానికి పెట్టుకోవచ్చు.

పరుగులు, గెంతులు, బంతాట, తాడు మీద నడక పొద్దున్నే అయిపోవాలి. మీ దగ్గర మార్చి నుంచే ఎండ మాడ్చేస్తుంది.

18 మందీ ఒకే పని చేయాలనే నియమం పెట్టుకోకండి. గదిలో మూడు మూలలు చేయండి. ఒక మూల మట్టి, ఒక మూల గింజలు, ఒక మూల సంత. పెద్దపిల్లలను చిన్నవాళ్లతో కలపండి. చిన్నదానికి లెక్క చెప్పే ఐదేళ్ల పిల్ల ఆ లెక్కను ఇంకెప్పటికీ మరిచిపోదు. రోజుకో కొత్త ఆట కనిపెట్టాలన్న కంగారు వద్దు. పిల్లలు చేసిందే మళ్లీ మళ్లీ చేయాలనుకుంటారు, చేయనివ్వండి.

ఇప్పుడు తల్లుల దగ్గరికి వద్దాం. మీటింగ్ పెట్టి ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరు. వాళ్ల ముందే పిల్లల చేత చేయించండి. ప్రతి తల్లీ తన పిల్లను “నాకు ఐదు గింజలు ఇవ్వు” అని అడగాలి. పేరు అట్ట వెతికించాలి. కథ చెప్పించాలి. కాన్వెంట్ పిల్లాడు ఎవరైనా అక్కడుంటే వాడికి మాత్రం పరీక్ష పెట్టకండి, ఆ పిల్లాడి తప్పేం లేదు. ఒక్కొక్కరికి ఒక ఫైలు పెట్టి, జూన్‌లో గీసిన బొమ్మ, సెప్టెంబర్‌లో గీసిన బొమ్మ తేదీలతో పక్కపక్కన ఉంచండి. పిచ్చిగీతలు మనిషి బొమ్మగా ఎలా మారాయో ఏ తల్లికైనా కనిపిస్తుంది. సాయంత్రం పిల్లను తీసుకెళ్లేటప్పుడు ఒక్క మాట చెప్పి పంపండి: “ఈరోజు నాలుగు దాకా నేర్చుకున్నాడమ్మా, వంట చేసేటప్పుడు నాలుగు ఎర్రగడ్డలు తెమ్మని అడుగు.” ఇంట్లో పిల్లాడు నాలుగే తెచ్చాడంటే మీ తరఫున వాడే మాట్లాడినట్టు.

ఇంకా ఒప్పుకోని వాళ్లకు రెండు విషయాలు చెప్పండి. కర్నూలు, కడప, అనంతపురంలో మాంటిస్సోరి అని బోర్డులు పెట్టిన బళ్లు చాలా ఉన్నాయి. ఆ పేరుగల ఆవిడ 1907లో రోమ్‌లో మొదటి బడి పెట్టింది కూలిపని చేసుకునే వాళ్ల పిల్లల కోసమే. నీళ్లు ఒంపడం, గుండీలు పెట్టుకోవడం, ఊడ్చి తుడవడం లాంటివి ఆ పద్ధతిలో మొదటి పాఠాలు. 1939లో ఆవిడ మద్రాసు వచ్చి మన దేశపు టీచర్లకూ అదే నేర్పింది. రెండోది, 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల దాకా ఒకే పునాది దశ అంటోంది. అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూల్, ఆ తర్వాతే ఒకటి, రెండు తరగతులు. ఆ దశ అంతా ఆటలతోనే సాగాలని స్పష్టంగా రాసి ఉంది. మీరు పని ఎగ్గొట్టడానికి ఆడించడం లేదని, ఇదే మీ పని అని తల్లులకు తెలియాలి.

ఐదేళ్లు దాటిన వాళ్ల విషయంలో తల్లుల మాట కొంత వినవచ్చు. రోజుకు పది నిమిషాలు తన పేరు, అమ్మ పేరు పెద్ద అక్షరాలతో రాయనివ్వండి. మూడు, నాలుగేళ్ల వాళ్ల చేత కాపీ రాయించమంటే మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి, అక్కడ గట్టిగా నిలబడండి. మానేసి వెళ్లిన ఇద్దరు ముగ్గురి ఇళ్లకూ తల్లుల మీటింగ్ రోజున పిలుపు పంపండి. సర్పంచ్‌ను కలిసి, గోడ కింది భాగం పిల్లలకు అందేంత ఎత్తు వరకు నల్లరంగు వేయించమని అడగండి. పెద్ద ఖర్చేం కాదు, ఒక డబ్బా రంగు, రెండు డబ్బాల సుద్దముక్కలు. ఆ గోడ మీటింగ్ లోపే తయారైతే ఇంకా మంచిది.